రిటైరయ్యాక వడ్రంగం: అపార్ట్‌మెంట్ బాల్కనీలో మొదటి పీట దాకా

ఆంధ్రలో ప్రభుత్వోద్యోగికి 62 ఏళ్లకు రిటైర్మెంటు. మొదటి రెండు మూడు నెలలు పెన్షన్ కాగితాలతో, బ్యాంకు పనులతో, వాయిదా వేసిన తిరుపతి ప్రయాణంతో ఇట్టే అయిపోతాయి. తర్వాత మధ్యాహ్నాలు పొడుగవుతాయి. ఆ మధ్యాహ్నాల్లోనే చాలామందికి యూట్యూబ్‌లో చెక్కపని వీడియోలు తగులుతాయి. రెండు వారాలు తిరిగేసరికి ఫోన్లో టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) ధర చూస్తుంటారు. అక్కడ ఆగండి. మెషీన్ మిగిల్చిపెట్టేది సమయాన్ని. ఇన్నేళ్లకు మీ చేతిలో మిగిలిందే సమయం. విజయవాడ, గుంటూరుల్లో ఫ్లాటులో ఉంటూ, గురువు లేకుండా, చేతి పనిముట్లతో వడ్రంగం మొదలుపెట్టి ఒక మంచి పీట చేసే దాకా ఏ వరసలో వెళ్లాలో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఒంటి సంగతి

ఇరవై ఏళ్ల కుర్రాడికి రాసిన గైడుల్లో ఈ అధ్యాయం ఉండదు. మనకు మాత్రం ఇదే మొదటిది.

గుండెకు స్టెంటు పడి యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడుతుంటే చిన్న గాటుకు కూడా రక్తం త్వరగా ఆగదు. ఆ మాత్రలు సొంతంగా మానేయకండి. పని మొదలుపెట్టే ముందే డాక్టరుగారితో ఒక మాట చెప్పండి. శుభ్రమైన గుడ్డ, బ్యాండేజీ పనిబల్ల మీదే ఉండాలి, బీరువాలో కాదు. షుగర్ ఉన్నవాళ్లకు పాదాలు మొద్దుబారి మేకు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. లుంగీతో డ్రిల్లు పట్టుకోకండి. టెటనస్ ఇంజక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.

కళ్లద్దాల విషయం ఎవరూ చెప్పరు. ప్రోగ్రెసివ్ అద్దాల్లో కింది భాగం పుస్తకం చదివే దూరానికి ఉంటుంది. పనిబల్ల మీది గీత అంతకన్నా దూరం. తల పైకెత్తి, కిందికి దించి చూస్తుంటే మెడనొప్పి వస్తుంది, కోత వంకర పోతుంది. కంటి డాక్టరు దగ్గర రెండడుగుల దూరానికి విడిగా ఒక జత రాయించుకోండి. పనిముట్ల మీద పెట్టే డబ్బులో ఇంతకన్నా మంచి ఖర్చు లేదు.

ఇక దుమ్ము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క దుమ్మును క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలోనే పెట్టింది. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. కరోనా కాలంలో కొన్నవి ఇంట్లో మిగిలే ఉంటాయి కదా.

2. చోటు, వేళ

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బాల్కనీ చాలు. మన వడ్రంగి మేస్త్రులు నేల మీద కూర్చుని, చెక్కను కాలితో అదిమిపట్టి పని చేస్తారు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఆ కూర్చోవడం అలవాటైన ఒంటికే అది చెల్లుతుంది. అరవై దాటిన మోకాళ్లతో దాన్ని అనుకరించవద్దు. కాలిని ఉలికి ఎదురుగా పెట్టడం అసలే వద్దు.

నిలబడి చేసే బల్ల కావాలి. చేయి కిందికి వదిలేస్తే మణికట్టు ఎక్కడ ఉంటుందో బల్ల ఎత్తు అంత. చాలామందికి అది 32, 33 అంగుళాలు. ఇంట్లో బరువైన పాత చెక్కబల్ల ఉంటే దాని మీద రెండంగుళాల మందం పలక బిగించి గోడకు ఆనించండి. చిత్రిక (చెక్కను గీసి నున్న చేసే పనిముట్టు) పట్టేటప్పుడు బల్ల కదిలితే మీ బలంలో సగం దానికే పోతుంది. బల్ల అంచుకు చెక్కపనికి వాడే వైస్, అంటే ముక్కను కదలకుండా పట్టి ఉంచే బిగింపు, ఒకటి బిగించుకోండి. కుడిచేతి వాటం అయితే దీపం ఎడమ పక్క ఉండాలి, లేకపోతే మీ చేతి నీడ గీత మీద పడుతుంది.

బెజవాడ మేలో పగటిపూట బాల్కనీలో పని సాగదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు చేసుకోండి. సుత్తి దెబ్బలు మాత్రం ఎనిమిది తర్వాతే. రంపం, చిత్రిక చప్పుడుకు పక్క ఫ్లాటువాళ్లు ఏమీ అనరు. ఉలి మీద కొట్టే దెబ్బ స్లాబు గుండా కిందింటికి దిగుతుంది. బల్ల కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి.

3. పనిముట్లు: ఏవి, ఎన్ని

మొదటి విడతలో ఎనిమిది, పది వేలు దాటనివ్వకండి. విజయవాడ వన్‌టౌన్‌లోని హార్డ్‌వేర్ వీధుల్లో చాలావరకు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఇరవై ముక్కల సెట్ల జోలికి పోవద్దు. అందులో పనికొచ్చేవి నాలుగుంటే గొప్ప.

ఉలులు మూడు: పావు అంగుళం, అర అంగుళం, అంగుళం. వీపు మీద ఇనప పట్టీ ఉన్న సన్నపళ్ల రంపం ఒకటి, పొడవాటి కోతలకు మామూలు రంపం ఒకటి. లాగేటప్పుడు కోసే జపాన్ రకం రంపాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. భుజం నొప్పి ఉన్నవాళ్లకు అవి నిజంగా తేలిక. కాకపోతే వాటి పళ్లు అరిగితే చాలావాటికి సాన పట్టడం కుదరదు, బ్లేడే మార్చాలి. చిత్రిక ఒకటి, తొమ్మిదిన్నర అంగుళాల ఇనపది. పాత మేస్త్రుల చెక్క చిత్రిక దొరికితే మహా బాగు, అయితే దాని బ్లేడు సరిచేయడం కొత్తలో చికాకు. కొయ్య సుత్తి, మూలమట్టం (మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసేది), స్టీలు స్కేలు, 0.5 పెన్సిలు, గీత గీయడానికి సన్నని కత్తి, అతికిన ముక్కలను బిగించి పట్టే పన్నెండు అంగుళాల ఎఫ్ క్లాంపులు మూడు. బ్యాటరీ డ్రిల్లు ఒక్కటి మాత్రం మెషీన్ల లెక్కలో మినహాయింపు.

మూలమట్టాన్ని కొట్లోనే పరీక్షించండి. నిటారు అంచున్న పలక మీద దాన్ని ఆనించి ఒక గీత గీయండి. తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మట్టం సరైనది. పైకి పోయేకొద్దీ విడిపోతే అది ఎంత మెరిసినా వదిలేయండి.

ఒక్క విషయంలో గట్టిగా చెప్పాలి. యాంగిల్ గ్రైండరుకు రంపపు చక్రం బిగించడం, మార్బుల్ కట్టరును బల్ల కింద తలకిందులుగా బిగించి టేబుల్ సా అనడం వీడియోల్లో తెగ కనిపిస్తాయి. ఆ మెషీన్లు చెక్క కోయడానికి చేసినవి కావు. చక్రం చెక్కలో ఇరుక్కుంటే మెషీనో, చెక్కో మీ మీదికే విసురుగా వస్తుంది. వేళ్లు పోయేది ఇలాంటి చోటే.

4. పదును: రెండు వారాలు దీనికే

అతుకులు, పాలిష్ తర్వాత సంగతి. సొంతంగా నేర్చుకునేవాళ్లు ఎక్కువమంది పని మానేసేది ఇక్కడే, కారణం తెలియకుండా. కొట్లో కొన్న కొత్త ఉలి పదునుగా ఉండదు. అది పదును పెట్టుకోవడానికి సిద్ధం చేసి ఇచ్చిన ఇనుము, అంతే. ఆ సంగతి తెలియక దానితోనే చెక్కబోయి, చెక్క చీలిపోతే మన చేతకానితనం అనుకుంటాం. మొద్దు ఉలికి బలం ఎక్కువ వాడాలి, బలం ఎక్కువైతే జారుతుంది, జారితే చేయి తెగుతుంది. పదునే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త.

ఖరీదైన సానరాళ్లు అక్కర్లేదు. అద్దాల దుకాణంలో 10 మిల్లీమీటర్ల మందం గాజుముక్క ఒక అడుగు పొడవుది అడగండి, తుక్కులో ఉంటుంది. అంచులు రుద్దించి తెచ్చుకోండి. హార్డ్‌వేర్ కొట్లో వాటర్ పేపర్ (తడిపి వాడే సాండ్‌పేపర్) 220, 400, 800, 1500 నంబర్లవి తీసుకోండి. గాజు మీద నీళ్లు చిలకరించి కాగితం పరిస్తే అతుక్కుని ఉంటుంది.

ఉలికి ఒకవైపు బల్లపరుపు వీపు, రెండోవైపు ఏటవాలు. మొదట వీపు. అంచు నుంచి ఒక అంగుళం మేర కాగితం మీద పూర్తిగా ఆనించి రుద్దండి. మెరుపు వీపు అంతటా సమానంగా వచ్చిందాకా 220 మీదే ఉండండి, తర్వాతే 400, 800, 1500. కొత్త ఉలికి ఇది గంటసేపు పట్టొచ్చు. విసుగ్గా ఉంటుంది. కానీ ఒక ఉలికి జీవితంలో ఒక్కసారే.

తర్వాత ఏటవాలు. దీని కోణం 25, 30 డిగ్రీల మధ్య ఉండాలి. కోణమానిని అక్కర్లేదు. ఏటవాలు పొడవు ఉలి మందానికి సరిగ్గా రెండింతలుంటే అది 30 డిగ్రీలు. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉలికి ఎనిమిది మిల్లీమీటర్ల ఏటవాలు అన్నమాట. చేతితో ఆ కోణం నిలపడం కష్టమైతే చక్రం ఉన్న హోనింగ్ గైడ్ దొరుకుతుంది, కొనండి. అది లేకుండా చేయడమే మగతనం అనే మేస్త్రుల మాట పట్టించుకోకండి. కాగితం మీద ఉలిని మీ వైపు లాగండి, ముందుకు తోస్తే కాగితం చిరుగుతుంది.

కొంతసేపటికి వీపు వైపు అంచున వేలు అడ్డంగా, మెల్లగా జరిపితే గరుకుగా ఒక పొర తగులుతుంది. అంచు చివరి దాకా అరిగిందనడానికి అదే గుర్తు. ఆ పొర అంచు పొడవునా తగిలే వరకు సన్న కాగితానికి మారకండి. చివర 1500 మీద వీపును రెండు మూడు సార్లు లాగితే పొర ఊడిపోతుంది. పాత తోలు బెల్టు లోపలి వైపు పది పదిహేను సార్లు లాగి ముగించండి.

చేతి వెంట్రుకలు గొరిగి చూసే పరీక్ష మనకు వద్దు. మెత్తటి పైన్ ముక్క అడ్డకోత వైపు, అంటే నారల కొసలు కనిపించే వైపు, ఉలితో పలచగా చెక్కండి. కోసిన చోటు మైనంలా నున్నగా మెరిస్తే పదును వచ్చింది. తెల్లగా పొడిపొడిగా నలిగితే రాలేదు. పనిలో ఉన్నప్పుడు అరగంటకోసారి 1500 మీద రెండు లాగులు వేస్తుంటే మళ్లీ 220 దాకా వెళ్లే అవసరం చాలా రోజులు రాదు. చిత్రిక బ్లేడుకూ ఇదే పద్ధతి.

5. కలప: రోహిణి కార్తెను దృష్టిలో పెట్టుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు సంగతేమో గానీ పలక మాత్రం పగులుతుంది. చెక్క గాలిలో తేమను బట్టి వెడల్పులో ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పొడవులో దాదాపు మారదు. శ్రావణంలో బిగుసుకునే తలుపు మేలో వదులవడం మీరు ఏళ్లుగా చూస్తున్నదే. టేకు ఈ విషయంలో బుద్ధిమంతురాలు, అయినా పది అంగుళాల పలక ఎండాకాలానికి, వానాకాలానికి మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. ఈ ఒక్క విషయం మీదే మన పీట డిజైనంతా ఆధారపడి ఉంటుంది.

అభ్యాసానికి టేకు వద్దు. ఆటోనగర్‌లో మెషీన్లు వచ్చిన ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క తక్కువకు దొరుకుతుంది. లారీ బాడీలు కట్టే షెడ్ల దగ్గర గట్టికర్ర ముక్కలు మిగులుతుంటాయి, అడిగితే ఇస్తారు. తుమ్మ, మద్ది గట్టివి, కొత్త చేతికి ఉలిని మొద్దుబార్చి దిగులు పుట్టిస్తాయి. సరుగుడు చీలుతుంది. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా దగ్గరికి పోకండి, అది కేసుల వ్యవహారం.

పీటకు మాత్రం టేకు తీసుకుందాం, పాతదైతే ఇంకా మంచిది. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో, విజయవాడ సత్యనారాయణపురంలో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఆ దూలాలు, తలుపులు పాత కలప కొట్లకు చేరతాయి. దశాబ్దాలు ఎండిన కర్ర అది, ఇక దాని వంకర్లన్నీ అయిపోయాయి. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లి పలక పొడవునా జరిపి చూడండి. లోపల విరిగిన మేకు ఉంటే తెలిసిపోతుంది. పాత పెయింటు ఉంటే సాండ్‌పేపర్‌తో పొడిగా గీకకండి, అందులో సీసం ఉండొచ్చు. ఆ ముఖాన్ని మిల్లులో కోయించి తీసేయడమే మేలు.

కొత్త కలప కొంటే చేవ, అంటే మాను లోపలి ముదురు రంగు గట్టి భాగం, ఉన్న ముక్క అడగండి. పలక అంచున లేత రంగులో కనిపించే భాగానికి పురుగు త్వరగా పడుతుంది. ధర ఘనపుటడుగుల్లో చెబుతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే లెక్క తేలుతుంది. ఆరడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక పావు ఘనపుటడుగు. ఈ లెక్క నోట్లో ఉంటే డిపోలో గుమాస్తా కూడా గౌరవంగా మాట్లాడతాడు. మన పీటకు ఈ పావు అడుగులో సగం సరిపోతుంది, వృథాతో కలిపి పావు కొనండి.

తెచ్చిన వెంటనే కోయకండి. పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా, నీడలో రెండు మూడు వారాలు ఇంట్లోనే ఉంచండి. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లి బొమ్మల కాలనీకి ఒకసారి వెళ్లి రండి. తెల్ల పొణికి కర్రను చెక్కే ముందు సన్న సెగ మీద తేమ పోయేదాకా ఎలా ఆరబెడతారో చూడొచ్చు. పక్కన కూర్చుని అరగంట చూస్తే ఉలి పట్టే తీరు వీడియోల్లో కన్నా బాగా అర్థమవుతుంది. పోతూ పోతూ రెండు బొమ్మలు కొనండి, ఊరికే టైము తీసుకోవడం బాగుండదు.

6. గీత, కోత, చిత్రిక

పైన్ ముక్క చుట్టూ నాలుగు ముఖాలా మట్టంతో గీత గీయండి. మొదలుపెట్టిన చోటికే గీత వచ్చి కలవాలి. తర్వాత గీత పక్కనుంచి కోయండి, గీత మిగలాలి. రంపం పట్టినప్పుడు చూపుడు వేలు బ్లేడు వైపు చాపి ఉంచండి, వంకర తగ్గుతుంది. మోచేయి, మణికట్టు, రంపం ఒకే వరసలో ఉండాలి. నొక్కకండి, రంపం బరువే కోస్తుంది. కోసిన ముఖానికి మట్టం ఆనించి వెలుతురుకు చూడండి. ముక్క అయిపోయే దాకా పలచని బిళ్లలుగా ఇలా కోస్తూ పోండి. ఒక వారం పొద్దుటి వేళలు దీనికి ఇస్తే చేయి కుదురుకుంటుంది.

చిత్రిక నారల వాలున పట్టాలి. ఎదురు పడితే చెక్క లేచి చిరుగుతుంది, అప్పుడు పలకను తిప్పి రెండోవైపు నుంచి పట్టండి. బ్లేడు చాలా తక్కువ బయటికి ఉండాలి. మొదట్లో ముందు చేతి మీద, చివర్లో వెనక చేతి మీద బరువు. పేళ్లు పలచగా చుట్టలు చుట్టుకుంటూ రావాలి.

7. పీట

పైపలక 16 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, అంగుళం మందం. కింద అడ్డంగా రెండు కాళ్లు: ఒక్కోటి 10 అంగుళాల పొడవు, రెండున్నర ఎత్తు, అంగుళం మందం.

పది అంగుళాల ఒంటి పలక ఖరీదు. ఐదంగుళాల పైచిలుకు పలకలు రెండు కొని, పక్కపక్కన అతకండి. మిల్లులో ప్లేనర్ మెషీన్ మీద మందం సమానం చేయించి తెచ్చుకోండి, ఇందులో చిన్నతనమేమీ లేదు. అతికే అంచులు మాత్రం మీరే చిత్రిక పట్టాలి. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెనక దీపం పెట్టండి. వెలుతురు దూరే చోటు కనిపించకూడదు.

టేకులో నూనె గుణం ఉంటుంది. కాబట్టి చిత్రిక పట్టిన రోజే జిగురు రాయండి, వారం తర్వాత కాదు. ముందు జిగురు లేకుండా క్లాంపులు బిగించి ఒకసారి రిహార్సల్ వేసుకోండి. తర్వాత ఫెవికాల్ రెండు అంచులకూ పలచగా పూసి, క్లాంపులు ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి బిగించండి. అన్నీ ఒకేవైపు ఉంటే పలక గిన్నెలా వంగుతుంది. పొంగిన జిగురు తడిగుడ్డతో తుడవండి. మర్నాటి వరకు తీయొద్దు. ఎండాకాలంలో జిగురు చూస్తుండగానే బిగుస్తుంది, ఈ పని పొద్దున్నే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. కాళ్లను పలకకు జిగురుతో అంటించకూడదు. పలక నారలు పొడవునా ఉన్నాయి, కాళ్ల నారలు వాటికి అడ్డంగా ఉన్నాయి. పలక వెడల్పులో కదులుతుంది, కాలు పొడవులో కదలదు. రెండిటినీ జిగురుతో కట్టేస్తే రోహిణిలో పలక మధ్యన చీలుతుంది. అందుకే స్క్రూలు, అవి కూడా కదలనిచ్చేలా.

ఒక్కో కాలికి కింది వైపు నుంచి మూడు చోట్ల 12 మిల్లీమీటర్ల బిట్టుతో అంగుళంన్నర లోతు బెజ్జం వేయండి. బిట్టు మీద రంగు టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. మిగిలిన అంగుళంలో 4.5 మిల్లీమీటర్ల బెజ్జం పై దాకా తీయండి. మధ్య బెజ్జం గుండ్రంగానే వదిలేయండి. పక్క రెండిటినీ కాలి పొడవు దిశలో సన్న గుండ్రటి ఆకురాయితో రెండు మిల్లీమీటర్లు సాగదీయండి. పలకలో 3 మిల్లీమీటర్ల బిట్టుతో అర అంగుళం లోపు దారి బెజ్జాలు వేసి, అంగుళంన్నర పొడవు 8 నంబరు స్క్రూలు, తల కింద వాషరు వేసి బిగించండి. మధ్యది గట్టిగా, పక్కవి బిగుతుగా వచ్చాక పావు చుట్టు వెనక్కి. ఇక పలక రెండు పక్కలకూ స్వేచ్ఛగా కదులుతుంది.

బల్లపరుపు చోట పెట్టి నాలుగు మూలలా నొక్కండి. ఊగితే పొడుగున్న కాలి కింద చిత్రిక ఒకటి రెండు లాగులు. కాళ్ల అడుగున మధ్య భాగం కొద్దిగా చెక్కేస్తే నాలుగు చివరలే నేలకు ఆనుతాయి, ఊగే బెడద తగ్గుతుంది. పై అంచులన్నీ చిత్రికతో మొద్దు చేయండి. కూర్చునే మనవడి తొడకు గుచ్చుకోకూడదు.

అతుకులో సందు మిగిలితే ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూయాలనిపిస్తుంది. కొండపల్లివాళ్లు చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతుకుతారు కదా అనొచ్చు. వాళ్లు పైన సున్నం, రంగులు వేస్తారు, ఏదీ కనపడదు. మీరు వేసేది పాలిష్, ఆ మరక నల్లగా తేలుతుంది. సందు సన్నదైతే వదిలేయండి.

8. పాలిష్

సాండ్‌పేపర్ 120, 180, 220 వరసలో, నారల వెంటే. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక లేచిన నూగును 220తో మళ్లీ తీసేయండి.

మొదటిసారి బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే త్వరగా ఆరేలా తయారుచేసి అమ్మే అవిసె నూనె, అన్నిటికన్నా సులువు. గుడ్డతో పూసి, పావుగంట ఆగి, మిగిలిందంతా తుడిచేయాలి. రోజుకొక పూత చొప్పున మూడు పూతలు. కాళ్ల కింద, బెజ్జాల్లో కూడా పూయండి. లక్క పాలిష్ అందంగా ఉంటుంది గానీ వానాకాలపు తేమలో తెల్లగా పాలిపోతుంది, నీళ్లు పడితే మరక. వంటింట్లో వాడే పీటకు అది వద్దు.

నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది. కుప్పగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి, మన ఎండల్లో మరీనూ. గ్రిల్లు మీద ఒంటి పొరగా పరచి పూర్తిగా ఆరాక పారేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

9. తర్వాత ఏం చేయాలి

ఇంకో పీట. మొదటిదానిలో వంకర పోయినవి మీకే తెలుస్తాయి, చేయి ఇంకా మరిచిపోకముందే చేయాలి. ఆపైన గోడ అలమర, సంక్రాంతి బొమ్మల కొలువుకు మడిచిపెట్టే మెట్లు. ఒక చెక్కలో బెజ్జం కొట్టి, రెండో చెక్క కొసను సన్నగా చెక్కి అందులో దూర్చే అతుకు అప్పుడు నేర్చుకోండి. దానికి మాత్రం దగ్గర్లోని పాత మేస్త్రి ఎవరైనా ఒప్పుకుంటే ఒక పూట కూలి ఇచ్చి పక్కన నిలబడండి. "మేస్త్రిగారూ, నెమ్మదిగా ఒక్కటి చేసి చూపించండి" అని ముందే చెప్పాలి. లేకపోతే ఆయన చేయి వేగానికి మనకు ఏమీ కనిపించదు.